వెట్టి నెత్తురు కాదు, యిష్టపడి యిచ్చే నెత్తురు

(డిసెంబరు 6, బాబాసాహెబ్ వర్ధంతి నాడు మండల కేంద్రంలో రక్తదాన శిబిరానికి ముందు జరిగిన సభలో ఒక ఉపాధ్యాయ కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం. మాట్లాడిన తీరు పెద్దగా మార్చకుండా యిస్తున్నాం.)



వరికోతలు, పత్తితీతలు జోరుగా సాగే రోజులివి. ఒక పూట కూలి పోగొట్టుకొని యింతమంది వచ్చారు. అందుకని ఉపన్యాసం పొడుగు చెయ్యం. పక్క గదిలో మంచాలు వేశారు. బ్లడ్ బ్యాంకు నుంచి వచ్చిన డాక్టరమ్మ, టెక్నీషియన్లు సామాను సర్దుకుంటున్నారు. వాళ్ళు పిలిచేలోపల మనలో మనం తేల్చుకోవాల్సిన సంగతులు కొన్ని వున్నాయి.

యీ శిబిరం కోసం పది రోజుల్నించీ పల్లెల వెంట తిరిగాం. మాలపల్లెకు పోయాం, మాదిగపల్లెకు పోయాం, యానాదుల కాలనీకి పోయాం. కరపత్రం తీసుకున్నవాళ్ళు కొందరు, మొహం తిప్పుకున్నవాళ్ళు కొందరు. ఒక పల్లెలో రాత్రి ఎనిమిదింటికి అంబేద్కర్ బొమ్మ దగ్గర కూచుంటే ఒక తమ్ముడు లేచి మమ్మల్ని నిలేశాడు. "ఏంది సారూ, కారంచేడులో పోయిన నెత్తురు చాల్లేదా? చుండూరులో కాలవపాలైన నెత్తురు చాల్లేదా? యింకా మనమే పొయ్యాల్నా? పోస్తే అది ఎవడి వొంట్లోకి ఎక్కుద్దో మీరు చెప్పగలరా?" అన్నాడు. చుట్టూ వున్న కుర్రాళ్ళు చప్పట్లు కొట్టారు.

మాకు చప్పున జవాబు రాలేదు. రాకపోవటం తప్పని కూడా అనుకోవటం లేదు. కారంచేడు జరిగింది 1985 జూలై 17న. మాలో చాలామంది అప్పటికి పలకా బలపం పట్టుకున్న పిల్లలం. చుండూరు జరిగింది 1991 ఆగస్టు 6న. ఎనిమిది మందిని చంపారు. 2007లో ప్రత్యేక కోర్టు శిక్షలు వేస్తే 2014లో హైకోర్టు అందర్నీ వొదిలేసింది. యీ లెక్కలు కడుపులో పెట్టుకున్న కుర్రాడు 'రక్తదానం మహాదానం' అని రాసిన కరపత్రం చూస్తే వొళ్ళు మండకుండా ఎలా వుంటుంది? ఆ వాక్యం మేమే రాశాం. యింకోసారి అచ్చేస్తే రాయం.

దానం అనే మాట దగ్గరే మనకు పేచీ వుంది. యీ దేశంలో దానానికి శాస్త్రాలున్నాయి. ఎవరికిస్తే పుణ్యమో, ఏ తిథినాడు యివ్వాలో అన్నీ రాసిపెట్టారు. వాటిలో మనకు దక్కింది చద్దికూడు, చిరిగిన కోక, చచ్చిన గొడ్డు. చెయ్యి చాపటం మన పని, విదిలించటం వాళ్ళ పని. అందుకని పుణ్యం కోసం రండని మేము ఎవర్నీ పిలవటం లేదు. ఆస్పత్రుల్లో ఏం జరుగుతుందో చూసినవాళ్ళం కాబట్టి పిలుస్తున్నాం.

2012లో మా పల్లెలో ఒక ఆడబిడ్డకు రెండో కానుపు. పేరు చెప్పం, ఆమె వాళ్ళు యిక్కడ వున్నారు. మిరపకాయల కోతకు పోతూనే నెలలు నిండాయి. వొంట్లో రక్తం లేదని నర్సమ్మ చెప్తూనే వుంది. నొప్పులు మొదలైతే ఆటోలో దగ్గర ఆస్పత్రికి తీసుకుపోయారు. బిడ్డ బయటపడింది గానీ నెత్తురు ఆగలేదు. యిక్కడ కాదు, పెద్దాసుపత్రికి పొమ్మన్నారు. అర్ధరాత్రి దాటింది చేరేసరికి. అక్కడ చీటీ చేతిలో పెట్టి "మూడు సంచులు రక్తం కావాలి, మనుషుల్ని తెచ్చుకోండి" అన్నారు. కూడా వున్నది ఎవరు? మొగుడు, అత్త, మరిది. మొగుడు మందు తాగి వున్నాడు, పనికిరాడన్నారు. మరిది మంచినీళ్ళు తాగొస్తానని పోయినవాడు తెల్లారినా రాలేదు. వాణ్ణి మేము తిట్టం. నెత్తురు తీస్తే మనిషి పనికి పనికిరాకుండా పోతాడని వాడికి చిన్నప్పటి నుంచి చెప్పిందీ మనమే. గేటు దగ్గర టీ కొట్టు కాడ ఒకడు వచ్చి సంచికి యింత అని బేరం పెట్టాడు. ఆ అత్త మెడలో పుస్తెలు కూడా లేవు తాకట్టుకు. మాకు కబురందింది, తొలి బస్సుకి నలుగురం పోయాం. మాలో ఒకరికి బీపీ అని తీసుకోలేదు. ముగ్గురం మంచం ఎక్కాం. మేము యిస్తుండగానే పై అంతస్తులో ఆ పిల్ల పోయింది.

మేమిచ్చిన ఆ మూడు సంచులు వేరే ఎవరికో పోయి వుంటాయి. ఎవరికో మాకు తెలీదు, అక్కర్లేదు.

తర్వాత తెలిసిన సంగతి మమ్మల్ని యింకా ఎక్కువ కుంగదీసింది. 2011 జూన్ నుంచీ జననీ శిశు సురక్షా కార్యక్రమం అని ఒకటి వుంది. సర్కారు ఆస్పత్రిలో కానుపుకొచ్చిన తల్లికి మందులు, ఆపరేషను, తిండి, రవాణాతోపాటు రక్తం కూడా వుచితంగా యివ్వాలి. ఆ అర్ధరాత్రి అది ఆమె హక్కు. అడగటానికి అక్కడున్నవాళ్ళకు తెలీదు. డిగ్రీలు చదివి, బళ్ళో పాఠాలు చెప్పే మాకూ తెలీదు. యిప్పుడు తెలిసింది కాబట్టి అందరి చెవినా వేస్తున్నాం. కానుపుకు పోయే ప్రతి అమ్మ కూడా పోయేవాళ్ళు యీ పేరు గుర్తుపెట్టుకోండి.

అయితే హక్కు కాగితం మీద వున్నా, ఫ్రిజ్జులో సంచి లేకపోతే ఏం లాభం? ఆ తమ్ముడి ప్రశ్నకు మొదటి జవాబు యిక్కడ వుంది. బ్లడ్ బ్యాంకు ఖాళీగా వుంటే ముందు పొయ్యేది ఎవరి ప్రాణం? డబ్బున్నవాడు కారేసుకొని నలుగురు నౌకర్లను వెంటబెట్టుకొని వస్తాడు. కాలేజీ పెట్టుకున్నవాడు పిల్లల్ని బస్సెక్కిస్తాడు. పైరవీ వున్నవాడు ఫోను కొడతాడు. ఏమీ లేనోడు గేటు దగ్గర నిలబడతాడు. సర్కారు ఆస్పత్రి వార్డుల్లో ఒకసారి నడిచి చూడండి. కానుపు మంచం మీద వున్నది మన ఆడబిడ్డ. ఆటోలో పదిహేను మంది కిక్కిరిసి కూలికి పోతుంటే లారీ గుద్ది కాలు విరిగింది మన కూలికి. నాలుగో అంతస్తు సెంట్రింగు మీంచి పడింది మనవాడు. నెలకు ఒకటి రెండుసార్లు రక్తం ఎక్కిస్తే తప్ప బతకని తలసేమియా పిల్లలున్నారు, వాళ్ళలో పేద పిల్లలు యీ వార్డులకే రావాలి. ఏజెన్సీలో గిరిజన బిడ్డల్ని పట్టి పీడించే సికిల్ సెల్ జబ్బుకీ రక్తం కావాల్సి వస్తుంది. నిల్వ వుంటే బతికేదీ మనవాళ్ళే, లేకపోతే చచ్చేదీ మనవాళ్ళే ఎక్కువ.

యిహ అమ్ముకోవటం సంగతి. మేము సాంఘిక సంక్షేమ హాస్టల్లో వుండి డిగ్రీ చదివే రోజుల్లో, యిరవై యేళ్ళు దాటింది, పరీక్ష ఫీజు కట్టాల్సిన వారంలో కొందరు కుర్రాళ్ళు మధ్యాహ్నం పూట మాయమయ్యేవాళ్ళు. సాయంత్రం మోచేతి దగ్గర దూది అంటించుకొని వచ్చేవాళ్ళు. అడిగితే "మా మేనమామకి బాగోలేదు" అనేవాళ్ళు. ఒకే మేనమామకు ముగ్గురు మేనల్లుళ్ళు, ముగ్గురివీ మూడు వూళ్ళు! మూడొందలో, నాలుగొందలో చేతిలో పడేది. దళారీ ఎంత తీసుకునేవాడో ఎవరూ అడగలేదు. మాలో ఒకరం కూడా ఒకసారి పోయాం. సిగ్గుపడాల్సింది మేము కాదు కాబట్టి చెప్తున్నాం.

అప్పటికే అది నేరం. ఎట్లా నేరమయ్యిందో చెప్పాలి. 'కామన్ కాజ్' అనే సంస్థ సుప్రీంకోర్టులో దావా వేసింది. దేశంలో వెయ్యికి పైగా బ్లడ్ బ్యాంకులుంటే ఆరొందలకు పైగా లైసెన్సు లేనివేనని అక్కడ బయటపడింది. రిక్షా తొక్కేవాళ్ళు, కూలి దొరకనివాళ్ళు, మత్తుకు అలవాటుపడ్డవాళ్ళు అమ్ముకుంటున్నారని తేలింది. 1996 జనవరి 4న కోర్టు తీర్పు యిచ్చింది. రెండేళ్ళలో రక్తం అమ్ముకునే పద్ధతి పూర్తిగా పోవాలంది. 1998 జనవరి 1 నుంచి డబ్బు తీసుకొని రక్తం యివ్వటం మీద నిషేధం వచ్చింది. తీర్పు మంచిదే. అయితే అమ్ముకునేవాడు ఎందుకు అమ్ముకుంటున్నాడో ఏ తీర్పూ ఆపలేదు. అమ్మకం పోయి 'బంధువు' వచ్చాడు. ఒక సంచి కావాలంటే బదులుగా ఒక సంచి యివ్వాలి, రిప్లేస్‌మెంట్ అంటారు. బంధువు లేనివాడికి బంధువును చూపెట్టేవాడే దళారీ.

ఆ బదులు పద్ధతిలోంచే యింకొకటి పుట్టింది. దాన్ని మేము రక్తపు వెట్టి అంటున్నాం. మాట కటువుగా వుంటే వుండనీయండి.

మా వూళ్ళో ఒక ఆసామికి గుండె ఆపరేషను. పట్నంలో పెద్ద ఆస్పత్రి. ఆరు సంచులు కావాలన్నారు. ఆయనకు కొడుకులున్నారు, అల్లుళ్ళున్నారు, వూరి నిండా కులపోళ్ళున్నారు. అయినా తెల్లారుజామున జీపు వచ్చి ఆగింది మాదిగపల్లెలో. ట్రాక్టరు తోలే మనిషి, పాలు పితికే మనిషి, అప్పు తీసుకొని తీర్చలేకపోయిన యిద్దరు, యింకా యిద్దరు – ఆరుగుర్ని ఎక్కించుకుపోయారు. "నెత్తురిస్తావా" అని అడిగినవాడు లేడు. "రా" అన్నారు, అంతే. వాళ్ళలో ఒకడికి అంతకుముందెప్పుడో కామెర్లు వచ్చి తగ్గినయ్. అక్కడ ఫారం నింపేటప్పుడు కామెర్లు వచ్చాయా అని అడుగుతుంటే పక్కన ఆసామి కొడుకు నిలబడి వున్నాడు. వీడు ఏం చెప్తాడు? లేవన్నాడు. ఆ సంచి పరీక్షలో ఆగిపోయింది. హెపటైటిస్ బి వుందని తేలింది. అది తెలిసిన రోజున వాణ్ణి పిలిచి "నాశనం చేసేవాడివిరా" అని తిట్టారు. మందు యిప్పించినవాడు లేడు. ఆ రోజు సాయంత్రం జీపు దిగింతర్వాత ఆరుగురికీ బిర్యానీ పొట్లాలు యిచ్చారు, పంచ కింద కూచోబెట్టి. నెత్తురు లోపలికి పోయింది, నెత్తురిచ్చిన మనుషులు పంచ కిందే వుండిపోయారు.

స్వచ్ఛందం, స్వచ్ఛందం అని డాక్టర్లు ఎందుకు కొట్టుకుంటారో మాకు యీ కథతోనే అర్థమైంది. అది మర్యాద మాట కాదు. డబ్బు కోసం వచ్చినవాడు జబ్బు దాస్తాడు, భయపడి వచ్చినవాడూ దాస్తాడు. తీసిన ప్రతి సంచినీ ఎయిడ్స్ క్రిమికీ, హెపటైటిస్ బి, సి లకూ, సవాయి రోగానికీ, మలేరియాకూ పరీక్ష చేస్తారు. నిజమే. కాకపోతే క్రిమి వొంట్లోకి దూరిన కొత్తలో కొన్నాళ్ళు పరీక్షకు దొరకదు. ఆ కొన్నాళ్ళూ కాపాడేది యిచ్చేవాడి నిజాయితీ ఒక్కటే. ఎవరి వొత్తిడీ లేనివాడే "నాకు మొన్న ఫలానాది వచ్చింది, నాది తీసుకోవద్దు" అని చెప్పగలడు. కాదనగలిగే స్వేచ్ఛ వున్నవాడు యిచ్చిందే శుభ్రమైన నెత్తురు. అందుకే యిక్కడ ఫారాలు నింపేటప్పుడు గదిలో డాక్టరమ్మ, మీరు తప్ప ఎవరూ వుండకూడదని ముందే చెప్పాం. సర్పంచి వచ్చినా బయటే. మేమూ బయటే.

అందుకని ఆ పల్లెలోనే ఒక నిర్ణయం చేసుకున్నాం. మీరూ ఆలోచించండి. ఆసామి జీపు పంపితే ఎక్కం. ఎక్కాలనిపిస్తే, వాళ్ళు మర్యాదగా అడిగితే, మన యిష్టమైతే పోతాం. ఎవరూ పిలవకపోయినా మనమై మనం బ్లడ్ బ్యాంకుకు పోతాం. యీ రెండో పని చేస్తేనే మొదటి మాటకు బలం వుంటుంది. లేకపోతే "వీళ్ళకు మనిషి ప్రాణమంటే లెక్కలేదు" అని పేరు పెడతారు. పేర్లు పెట్టటంలో వాళ్ళు ఘనులు.

ఎవడి వొంట్లోకి ఎక్కుద్ది అన్న మాటకు దాచకుండా జవాబు చెప్పాలి. ఎవడి వొంట్లోకైనా ఎక్కుద్ది. మన గొడ్డలి దెబ్బకు కారణమైనవాడి మనవడికీ ఎక్కొచ్చు. మనల్ని గుడి మెట్లు ఎక్కనివ్వని పూజారి భార్యకూ ఎక్కొచ్చు. సంచి మీద గ్రూపు రాస్తారు, తీసిన తేదీ, చెల్లే తేదీ రాస్తారు. కులం గడి లేదు. హోటల్లో మనకు వేరే గ్లాసు పెట్టినవాళ్ళు వున్నారు గానీ రక్తానికి వేరే గ్లాసు పెట్టటం యిక్కడ ఎవరి తరమూ కాలేదు.

కాలేదంటే, ప్రయత్నం చెయ్యని దేశం లేదని కాదు. అమెరికాలో చేశారు. చార్లెస్ డ్రూ అని నల్లజాతి డాక్టరు వుండేవాడు. రక్తంలోంచి ప్లాస్మాను విడదీసి పెద్దయెత్తున నిల్వ చేసే పద్ధతి మీద పని చేసినవాడు. రెండో ప్రపంచ యుద్ధంలో, 1940లో, బ్రిటన్‌కు ప్లాస్మా పంపే కార్యక్రమం ఆయన చేతుల మీదుగా నడిచింది. 1941లో అమెరికన్ రెడ్‌క్రాస్ బ్లడ్ బ్యాంకుకు ఆయన్ని డైరెక్టర్ను చేశారు. అదే రెడ్‌క్రాస్ సైన్యం మాట ప్రకారం నల్లవాళ్ళ రక్తం వద్దంది! గొడవలు జరిగితే 1942లో "తీసుకుంటాం గానీ విడిగా పెడతాం" అంది. అంటే డైరెక్టరు నెత్తురు కూడా విడి సీసాలోకే పోవాలి. యిది అశాస్త్రీయమని డ్రూ అన్నాడు. 1950 దాకా ఆ వేరు సీసాలు నడిచాయి. లూసియానా రాష్ట్రంలోనైతే 1972 దాకా యిటువంటి చట్టం వుంది. డ్రూ 1950లో కారు ప్రమాదంలో చనిపోయాడు. తెల్లవాళ్ళ ఆస్పత్రి రక్తం ఎక్కించకపోవటం వల్లే పోయాడని ఒక కథ ప్రచారంలో వుంది. అది నిజం కాదు, అక్కడి డాక్టర్లు ఆయన్ని బతికించటానికి ప్రయత్నించారు. మన వేదికల మీద యీ కథ చెప్పేవాళ్ళు దిద్దుకోవాలి. వున్న అన్యాయమే కావల్సినంత వుంది, కల్పించి చెప్పే అవసరం మనకు లేదు.

రక్తంలో గ్రూపులున్నాయని 1901లో వియన్నాలో కార్ల్ లాండ్‌స్టైనర్ అనే శాస్త్రజ్ఞుడు లోకానికి చెప్పాడు. ఆయనకు 1930లో నోబెల్ వచ్చింది. ఎ, బి, ఓ – ఆ విభజన కులాన్ని పట్టించుకోదు. ఒక తల్లి కడుపున పుట్టిన అన్నదమ్ముల నెత్తురు కలవకపోవచ్చు. కరణంగారి నెత్తురు మాదిగబిడ్డకు అతికినట్టు సరిపోవచ్చు. 1952లో మన బొంబాయిలోనే చాలా అరుదైన గ్రూపు ఒకటి కనిపెట్టారు, దాన్ని బొంబాయి గ్రూపు అనే అంటారు. ఆ గ్రూపు మనిషికి ప్రాణం మీదికొస్తే వూరినిండా కులపోళ్ళున్నా లాభం లేదు. అదే గ్రూపు మనిషి ఎక్కడున్నాడో వెతుక్కోవాల్సిందే. 'కుల నిర్మూలన'లో, 1936లోనే, కులానికీ జాతి రక్తానికీ సంబంధం లేదని బాబాసాహెబ్ వాదించాడు. 1927 మార్చి 20న మహద్‌లో చౌదార్ చెరువు నీళ్ళు ఆయన ముట్టుకుంటే, తర్వాత ఆ చెరువును పాలు, పెరుగు, పేడ, పంచితం కుండలు కుమ్మరించి శుద్ధి చేశారు. నీళ్ళకైతే శుద్ధి చేశారు. నరంలోకి ఎక్కినదాన్ని ఏ పంచితంతో కడుగుతారో చూద్దాం.

యీ మాట అన్నప్పుడు ఆ పల్లెలో నవ్వారు. తమ్ముడు మాత్రం నవ్వలేదు. "నా నెత్తురెక్కినంత మాత్రాన వాడు మారతాడా సారూ?" అన్నాడు. మారడు. ఆసామి యింటి కథ చెప్పాంగా, ఆ యింట్లో వాళ్ళెవరూ మారలేదు. మనిషిని మార్చేది రక్తమార్పిడి కాదు, దానికి వేరే పోరాటం వుంది, అది మనం చేస్తూనే వున్నాం. "అయితే నేనివ్వను" అన్నాడు. సరే, అదీ నీ యిష్టమే అన్నాం. ఆ తమ్ముడు యివ్వాళ వచ్చాడు, వెనకవరసలో వున్నాడు. యిస్తాడో లేదో మేము అడగం, మీరూ అడగొద్దు.

యిప్పుడు ఆడవాళ్ళ సంగతి. అమ్మలు కోపంగా వున్నారు, మాకు తెలుసు. పోయినసారి శిబిరంలో ఉత్సాహంగా వచ్చిన ఆడవాళ్ళలో ఎక్కువమందిని వేలు గుచ్చి చూసి "రక్తం తక్కువ" అని వెనక్కి పంపారు. అవమానంగా వుందన్నారు. అవమానం మీది కాదమ్మా. రక్తం యివ్వాలంటే హిమోగ్లోబిన్ 12.5 గ్రాములు వుండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం 15 నుంచి 49 యేళ్ళ ఆడవాళ్ళలో ఆంధ్రప్రదేశ్‌లో నూటికి 58.8 మందికి, తెలంగాణలో 57.6 మందికి రక్తహీనత వుంది. సగం కంటే ఎక్కువ. నాట్లకీ కలుపులకీ కోతలకీ నడుం వొంచేది వీళ్ళే, అందరూ తిన్నాక అడుగున మిగిలింది తినేదీ వీళ్ళే. యింటి మగవాళ్ళు యీ మాట వినాలి. మనం యజమానుల్ని తిట్టి యింటికిపోయి ముందు కంచం మనమే లాక్కుంటాం.

ఐరన్ వున్న తిండి ఏదని డాక్టర్ని అడిగితే ఆకుకూరలు, పప్పులు, మాంసం, కాలేయం అంటారు. మాంసంలో వుండే ఐరన్ వొంటికి తేలిగ్గా పడుతుందంటారు. మన పెద్దకూర అటువంటిదే. అది తింటామనే మనల్ని వూరి బయట పెట్టారు. కొనుక్కుని తినేవాడిని దాడి చేసి కొట్టే రోజులు వచ్చాయి. ఒక పక్క కూర వద్దంటారు, యింకో పక్క రక్తహీనత దినోత్సవాలు జరుపుతారు. మేము చెప్పేది ఒకటే, దొరికింది సిగ్గుపడకుండా తినండి. యివ్వాళ వచ్చిన ఆడవాళ్ళందరికీ, నెత్తురిచ్చినా యివ్వకపోయినా, హిమోగ్లోబిన్ చూస్తారు. తక్కువ వున్నవాళ్ళ పేర్లు రాసుకొని సోమవారం ప్రాథమిక ఆరోగ్య కేంద్రానికి గుంపుగా పోదాం. ఐరన్ మాత్రలు, నులిపురుగుల మాత్రలు యిచ్చేదాకా కదలం. మాత్రలు వేసుకుంటే దొడ్డికి నల్లగా అవుతుందని మానేస్తున్నారట. అది మామూలే, భయం లేదు.

మగవాళ్ళ భయాలకు కూడా నాలుగు మాటలు. మనిషి వొంట్లో సుమారు అయిదు లీటర్ల రక్తం వుంటుంది. తీసేది 350 మిల్లీలీటర్లు. అందులో నీటి భాగం ఒకటి రెండు రోజుల్లోనే తిరిగొస్తుంది. ఎర్రకణాలు నిండటానికి నెలా రెండు నెలలు పడుతుంది. అందుకే మగవాళ్ళు మూడు నెలలకోసారి, ఆడవాళ్ళు నాలుగు నెలలకోసారి మించి యివ్వకూడదు. వయసు 18కి తక్కువ వుండకూడదు, 65 దాటకూడదు. మొట్టమొదటిసారి యిచ్చేవాళ్ళు అరవై లోపువాళ్ళై వుండాలి. బరువు 45 కిలోలు వుండాలి. నిన్న రాత్రి మందు తాగినవాళ్ళు దయచేసి యివ్వాళ వద్దు. ఖాళీ కడుపుతో అసలొద్దు, అటుపక్క ఉప్మా పెట్టించాం. మలేరియా వచ్చి మూడు నెలలు కానివాళ్ళు, టైఫాయిడ్ వచ్చి యేడాది కానివాళ్ళు, యేడాదిలోపు పచ్చబొట్టు పొడిపించుకున్నవాళ్ళు, పాలిచ్చే తల్లులు ఆగాలి. మగతనం తగ్గుద్దని ఎవరో పుకారు లేపారట. అలా చెప్పినవాణ్ణి తీసుకురండి, డాక్టరమ్మతో మాట్లాడిద్దాం.

యిచ్చింతర్వాత పది పదిహేను నిముషాలు కూచుని నీళ్ళు, మజ్జిగ బాగా తాగండి. ముఖ్యమైంది యిది: యివ్వాళ సాయంత్రం బస్తాలు మొయ్యొద్దు, తాడిచెట్టు ఎక్కొద్దు, పురుగుమందు కొట్టటానికి పోవద్దు. యిచ్చాక పోయి పనిలో పడి కళ్ళు తిరిగితే, పనిని ఎవరూ అనరు, రక్తదానాన్నే అంటారు. ఒక రోజు పని ఆపుకోలేని మనిషి యివ్వకపోతేనే మంచిది, మేము చిన్నచూపు చూడం.

టోపీలు, సంచులు, హెల్మెట్లు యిస్తారా అని అడిగారు కొందరు. యివ్వం. నాయకుల పుట్టినరోజులకు యిస్తారు, ఫ్లెక్సీ కడతారు, మంచం మీద పడుకున్నవాడి పక్కన నాయకుడు నవ్వుతూ ఫోటో దిగుతాడు. అభిమాన సంఘాల కుర్రాళ్ళు రక్తదానాన్ని వూళ్ళల్లోకి తెచ్చిన మాట నిజం, వాళ్ళను తక్కువ చెయ్యం. మనకు మాత్రం ఫ్లెక్సీ లేదు. చీటీ, కార్డు యిస్తారు, గ్రూపు తెలుస్తుంది, చాలు.

యిది ఒక్కరోజు జాతర చెయ్యొద్దని కూడా తీర్మానించాం. ఎర్రకణాల సంచి 35 రోజులో, కొన్ని మందులు కలిపితే 42 రోజులో నిల్వ వుంటుంది. ప్లేట్‌లెట్లు అయిదు రోజులే. వందమంది ఒకే రోజు యిచ్చి యేడాదంతా ముఖం చాటేస్తే ఉపయోగం సగమే. దేశానికి యేడాదికి ఎంత రక్తం కావాలంటే జనాభాలో నూటికి ఒక సంచి చొప్పున అని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఒక కొలత చెప్పింది. మా పల్లెలో పన్నెండొందల మంది వున్నాం. అంటే యేడాదికి పన్నెండు సంచులు. నెలకొకరు! యింత చిన్న లెక్కకు మనం యిన్నేళ్ళు భయపడ్డాం.

అందుకని పేరుకొక నెల రాసిన రిజిస్టరు బల్ల మీద పెట్టాం. యివ్వాళ ముప్ఫై మంది కంటే ఎక్కువ తీసుకోం. మిగిలినవాళ్ళు గ్రూపు చూపించుకొని, తమకు వీలైన నెలలో పేరు రాయించుకోండి. నాట్ల నెల, కోతల నెల వొదిలేసి రాసుకోండి. ఫోను నంబరు మీ పల్లె బాధ్యుడి దగ్గరే వుంటుంది, ఆసామి దగ్గరకు పోదు. అర్ధరాత్రి ఎవరికైనా అవసరమొస్తే ముందు బాధ్యుడికి ఫోను చెయ్యండి. ఏ బ్లడ్ బ్యాంకులో ఏ గ్రూపు ఎంత వుందో ప్రభుత్వం 'ఈ-రక్తకోశ్' అనే దాంట్లో చూపిస్తోంది, మన కుర్రాళ్ళు యిద్దరు చూడటం నేర్చుకున్నారు. ఎవరైనా రక్తానికి వెల అడిగితే రసీదు అడగండి. పరీక్షలకీ నిల్వకీ అయ్యే ఖర్చు తప్ప రక్తానికి వెల తీసుకోకూడదని 2024 మొదట్లో కూడా కేంద్రం బ్లడ్ బ్యాంకులకు గట్టిగా గుర్తుచేసింది. తలసేమియా, హీమోఫీలియా, సికిల్ సెల్ రోగుల దగ్గర ఆ ఖర్చు కూడా తీసుకోకూడదు.

యింకొక పని మిగిలింది. మన మండలం ఆస్పత్రిలో కానుపు ఆపరేషన్లు చేస్తున్నారు గానీ రక్తం నిల్వ పెట్టే ఫ్రిజ్జు లేదు. ఒక గది, ఒక ఫ్రిజ్జు, ఒక టెక్నీషియను, కరెంటు పోతే జనరేటరు – యింతే కావాల్సింది. 2012లో అది వుండి వుంటే ఆ పిల్లను అర్ధరాత్రి అంత దూరం తిప్పేవాళ్ళం కాదు. అర్జీ రాసి పెట్టాం, సంతకాలు, వేలిముద్రలు రిజిస్టరు పక్కనే. వచ్చే సోమవారం మాత్రల కోసం పోయినప్పుడు యిదీ యిచ్చి రసీదు తీసుకుందాం.

డాక్టరమ్మ చెయ్యి వూపుతున్నారు. మొదటి ఆరుగురూ లోపలికి రండి. మిగిలినవాళ్ళు ఉప్మా తినండి, చల్లారిపోతోంది. జై భీమ్.